నా మెదడు పలకలేదు

నేను తెల్ల ఎలుకను. మా జాతి పేరు లూయిస్. మార్గరెట్ లూయిస్ అనే ఆవిడ విస్టార్ ఎలుకల్లోంచి తీసిన వంశం మాది. తరతరాలుగా అన్నాచెల్లెళ్లనే జతకట్టించడంతో అందరం ఒకే అచ్చులో పోసినట్టుంటాం. పక్క పంజరంలో ఫిషర్ 344 జాతి అమ్మాయిలు. చూపులకు మాకూ వాళ్లకూ తేడా తెలియదు.

ఊరు అమెరికాలోని బెథెస్డా. 1980ల చివరి రోజులు. రెండు పంజరాలవాళ్లకీ పొట్టలోకి ఒకే సూది వేశారు. అందులో బతికున్న క్రిమి ఏదీ లేదు. స్ట్రెప్టోకాకస్ బాక్టీరియా పైగోడ తునకలు, అంతే. కొద్ది రోజులకే నా వెనక కాళ్ల కీళ్లు ఉబ్బిపోయాయి. ఫిషర్ అమ్మాయిలు మాత్రం ఎప్పట్లాగే రాత్రంతా గెంతులు.

ఎందుకిలా? ఆ తునకల్ని మింగిన కణాలు ఇంటర్‌ల్యూకిన్-1 అనే కబురు పంపుతాయి. అది లావాటి ప్రొటీను. నెత్తురుకీ మెదడుకీ మధ్యనున్న అడ్డుగోడను సులువుగా దాటలేదు. అందుకని రక్తనాళాల గోడ కణాలే దాన్ని అందుకుని, లోపలివైపు ప్రోస్టాగ్లాండిన్ ఈ2ను వదులుతాయి. మీకు జ్వరం తెచ్చేదీ ఇదే. పొట్టనుంచి వేగస్ నరం కూడా కబురు మోస్తుంది. అప్పుడు మెదడులోని హైపోథాలమస్ సీఆర్‌హెచ్ అనే హార్మోను వదలాలి. (1981లో వేల్ బృందం ఈ హార్మోను రూపం తేల్చడానికి దాదాపు ఐదు లక్షల గొర్రెల హైపోథాలమస్‌లు వాడింది. ఆత్మకథ రాయాల్సింది అసలు ఆ గొర్రెలు!) సీఆర్‌హెచ్ అందగానే పిట్యూటరీ గ్రంథి ఏసీటీహెచ్ అనే హార్మోను పంపుతుంది, అడ్రినల్ గ్రంథి కార్టికోస్టెరాన్ పోస్తుంది. మీలోనైతే కార్టిసాల్. ఒత్తిడి హార్మోనని మీవాళ్లు దాన్ని ఆడిపోసుకుంటారు గానీ, తెల్లకణాల దగ్గరికి తిరిగొచ్చి 'ఇక చాలు' అని అదుపు చేసేది అదే. లోపల రేగిన మంటే నీళ్లకోసం కబురంపుతుందన్నమాట. ఇంటర్‌ల్యూకిన్-1 ఎక్కిస్తే ఈ హార్మోన్లు పెరుగుతాయని 1986లో బెసెడోవ్‌స్కీ బృందం చూపించింది.

నా ఫిర్యాదు నా మెదడు మీదే. కబురు వచ్చింది, హైపోథాలమస్ పలకలేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. బాక్టీరియా తునకలు లేకుండా ఇంటర్‌ల్యూకిన్-1నే విడిగా ఎక్కించి చూసినా మా లూయిస్‌లలో ఏసీటీహెచ్, కార్టికోస్టెరాన్ అంతంతమాత్రంగానే పెరిగాయి. ఫిషర్లలో జోరుగా పెరిగాయి.

ఇంతటితో ఆగితే, ఇది మా రెండు జాతుల మధ్య వేరే ఏదో పుట్టుక తేడాలెమ్మని ఎవరైనా కొట్టిపారేసేవారు. అందుకే ఇంకో పని చేశారు. కొందరు ఫిషర్లకు తునకలతో పాటు ఆర్‌యూ 486 ఇచ్చారు. ఆ మందు కార్టికోస్టెరాన్ మాట కణాలకు చేరనివ్వదు. మా జాతిలో కొందరికి డెక్సామెథాసోన్ ఇచ్చారు. మా ఒంట్లో ఊరాల్సినదానికి బదులు, అంతే కొద్ది మోతాదులో. 1989లో ఎస్తర్ స్టెర్న్‌బర్గ్ బృందం ప్రచురించిన వ్యాసంలో ఈ లెక్కలన్నీ ఉన్నాయి. నేను చూసింది మాత్రం పంజరం ఊచల్లోంచి.

ఆ రాత్రి నీళ్ల గొట్టం అందక నేను కిందే కూర్చున్నాను. మందు పడిన చెల్లెలు వెనక కాళ్లమీద నిలబడి గటగటా తాగింది. ఆర్‌యూ 486 పడిన ఫిషర్ల పంజరంలో చప్పుడు లేదు.