90 రోజుల ఫ్రెంచి

ఇంటర్మీడియట్‌లో సెకండ్ లాంగ్వేజ్‌గా ఫ్రెంచి తీసుకుని నూటికి 98 తెచ్చుకున్నవాళ్లు మన హైదరాబాదులో కొల్లలు. ఆ ఫ్రెంచి పరీక్ష హాలు గేటు దాటి ఎన్నడూ బయటికి రాలేదు. సంస్కృతం తీసుకున్నవాళ్ల గతీ అదే గానీ, సంస్కృతానికి వీసా లేదు. ఫ్రెంచికి ఉంది. అందుకే ముప్పై దగ్గర పడ్డాక, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ, ఆ 98 మార్కులవాళ్లే 'బోన్‌జూర్' దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెడుతున్నారు.

కారణం అందరికీ తెలిసిందే. పాయింట్లను బట్టి శాశ్వత నివాసానికి పిలిచే కెనడా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ఫ్రెంచి వచ్చినవాళ్లకు 2023 నుంచి విడిగా డ్రాలు తీస్తున్నారు. 2024 ఫిబ్రవరి ఆఖర్లో జనరల్ డ్రా 534 పాయింట్ల దగ్గర ఆగితే, ఫ్రెంచి డ్రా 336 దాకా దిగింది. దాదాపు రెండు వందల పాయింట్లు! ఆ తేడా చూసి మనసు కదలనివాడు మనవాడే కాదు.

ఇక్కడ ఆన్‌లైన్ గురువులు ప్రవేశిస్తారు. 90 రోజుల్లో ఫ్రెంచి, బోధన తెలుగులోనే, స్కోరు గ్యారంటీ. కావాల్సిన స్కోరు కెనడా ఫ్రెంచి కొలతలో ఎన్‌సీఎల్‌సీ 7, ఐరోపా కొలతలో దాదాపు బీ2. సున్నా నుంచి అక్కడికి చేరాలంటే మామూలుగా 500, 600 గంటల చదువు. అంటే రోజుకు ఆరు గంటలు, ఆదివారాలతో సహా. క్లాసేమో పొద్దున ఆరింటి నుంచి ఏడింటిదాకా, అదీ కెమెరాలు ఆఫ్ చేసుకుని. 1883లో పుట్టిన ఫ్రెంచి బోధన సంస్థ అలయాన్స్ ఫ్రాన్సేజ్ వాళ్లు నేటికీ లెవెల్ తరవాత లెవెల్ అంటూ నెలల తరబడి చెబుతున్నారు. పాపం, ఈ కిటుకు వాళ్లకు ఇన్నేళ్లయినా అందలేదు.

కిటుకు పేరు టెంప్లేట్. స్కోరు ఇచ్చే టెఫ్ కెనడా పరీక్ష స్పీకింగ్‌లో ఒక ప్రకటన చూపిస్తారు, ఫోన్ చేసినట్టుగా వివరాలు అడగాలి. గురువుగారు ప్రశ్నలన్నీ ముందే బట్టీ వేయిస్తారు: ధరెంత, ఎన్నింటికి తెరుస్తారు, పిల్లలకు తగ్గింపుందా. వంట క్లాసైనా, గుర్రపు స్వారీ అయినా అవే. పాత కారు అమ్మేవాణ్ణి కూడా పిల్లలకు తగ్గింపుందా అనే అడుగుతారు. తరవాతి భాగంలో స్నేహితుణ్ణి ఏదో ఒకదానికి ఒప్పించాలి. ఆ స్నేహితుడి వేషంలో ఉన్న ఎగ్జామినర్ "నాకెందుకులే" అన్నాడా, అక్కడితో సిలబస్ అయిపోయింది.

డబ్బున్నవాళ్లకు ఇంకో మార్గముంది: ఫ్రాన్స్‌లో రెండు వారాల హోమ్‌స్టే. స్వచ్ఛమైన ఫ్రెంచి అంటే తూర్ ఊరిదేనని పాత పేరు, కాబట్టి తూర్‌కే. 'మీరూ ఆ ఇంటి బిడ్డే' అంటుంది బ్రోషరు. ఈ బిడ్డ వారం వారం అద్దె కడతాడు. పక్క గదిలో జపాన్ అమ్మాయి, పై గదిలో బ్రెజిల్ అబ్బాయి, ముగ్గురి కబుర్లూ ఇంగ్లీషులోనే. రాత్రి భోజనాల దగ్గర మాత్రం ఇంటావిడతో ఫ్రెంచి తప్పదు. శాకాహారం అంటే చేప కూడా కాదని చెప్పేంత భాష లేక, మనవాడు 'వీ మదాం' అంటూ చేప తిని లేస్తాడు.

ఇంతా చేసి దిగేదెక్కడ? ఆ ఫ్రెంచి డ్రాలు ఫ్రెంచి రాష్ట్రం క్వెబెక్‌కు కావు, క్వెబెక్ వాళ్లు తమ మనుషుల్ని తామే ఎంచుకుంటారు. క్వెబెక్ బయట ఫ్రెంచి బతకాలని, 2025లో అక్కడికొచ్చే శాశ్వత నివాసుల్లో 8.5 శాతం ఫ్రెంచి మాట్లాడేవాళ్లు ఉండాలని ఒట్టావాలోని కెనడా ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది. మనవాడు ఆ బరువంతా భుజాన వేసుకుని టొరంటో పక్కనున్న బ్రాంప్టన్‌లో దిగుతాడు. అక్కడ బేస్‌మెంట్ అద్దెకు అడగాలంటే పంజాబీ కావాలి.