దరువు ముగియకముందే నిష్క్రమణ

కృష్ణా జిల్లా మొవ్వ మండలంలోని కూచిపూడి భాగవత సంప్రదాయంలో పాత్ర తానెవరో చెప్పుకొంటూ రంగస్థలం మీదికి వచ్చే ప్రవేశ దరువుకు కావలసినంత వ్యవధి ఉంటుంది. విశ్వవిద్యాలయాలు, వైద్య పరిశోధన సంస్థలు వెలువరించే ప్రాజెక్టు ఉద్యోగ ప్రకటనలలో మాత్రం పాత్ర ప్రవేశించకముందే, ప్రాజెక్టు గడువుతో పాటే, నిష్క్రమణ ఖరారై ఉంటుంది. జూనియర్ రీసెర్చ్ ఫెలో, అనగా పిహెచ్‌డి పట్టాకు ముందు ప్రయోగశాలలో పనిచేసే పరిశోధకుడు, సాధారణంగా ఎమ్మెస్సీ వంటి పట్టాతో పాటు నెట్, గేట్ వంటి జాతీయ పరీక్ష కూడా గట్టెక్కి రావాలి. అతనికి 2023 జనవరి నుంచి అమలైన కేంద్ర నిర్ణయం ప్రకారం నెలకు 37,000 రూపాయలు ముట్టచెబుతారు గాని, దానిని జీతం అనక భృతి అంటారు, ఎందుకంటే జీతమైతే పింఛను ప్రసక్తి వస్తుంది. (ఇంటర్వ్యూకు దారి ఖర్చులు ఇవ్వబడవన్న వాక్యాన్ని మాత్రం ప్రకటన రాసేవారు సాధారణంగా మరచిపోరు.)

శాశ్వత స్థానం ఇవ్వకుండా పని చేయించుకోవడం కొత్త ఆచారమేమీ కాదు. భీమవరంలో 1895లో జన్మించిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు, మద్రాసు ప్రభుత్వ వైద్య సేవలో చోటు దొరకక ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించి, అమెరికా చేరి, దేహ ద్రవాలలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో సహ పరిశోధకుడు ఫిస్క్‌తో కలిసి ప్రకటించినా, తాను పనిచేసిన హార్వర్డ్ విశ్వవిద్యాలయం ఆయనకు శాశ్వత పదవి ఇవ్వకపోవడంతో 1940లో లెడర్లీ మందుల కంపెనీలో చేరవలసివచ్చింది. స్వదేశం ఆయనకు శాశ్వత స్థానం కల్పించినది 1995లో, మరణించిన 47 ఏళ్ళకు, తపాలా బిళ్ళ మీద. ఆ నియామకానికి నెట్ ధ్రువపత్రం అడగలేదు.