ఏడుపుకి ఎన్ని వరుసల దూరం?

విమానంలో పిల్లలు లేని విభాగం అంటే, కొన్ని వరుసల్లో చిన్నపిల్లలకు సీటు ఇవ్వకుండా వాటిని పెద్దవాళ్లకే అట్టేపెట్టే ఏర్పాటు. చాలాచోట్ల ఆ వరుసలకు విడిగా సొమ్ము వసూలు చేస్తారు. పిల్లలు అదే విమానంలో ఉంటారు. వాళ్ల గొంతూ అదే విమానంలో ఉంటుంది. మారేవి వరుస నంబరు, టికెట్ ధర.

ఈ ఏర్పాటు ముందుగా ఊపందుకున్నది ఆగ్నేయాసియాలో. మలేషియా ఎయిర్‌లైన్స్ 2011లో చంటిపిల్లలకు ఫస్ట్ క్లాసులో చోటు లేదని తేల్చింది. 2012లో తన ఎ380 విమానాల్లో పిల్లలతో వచ్చే ఎకానమీ ప్రయాణికులను కింది అంతస్తుకి పంపడం మొదలుపెట్టింది. మరుసటి ఏడు ఎయిర్ ఏషియా ఎక్స్ 7 నుంచి 14 దాకా, సింగపూర్‌ సంస్థ స్కూట్ 21 నుంచి 25 దాకా వరుసలను ‘నిశ్శబ్దం’ పేరుతో వేరుచేశాయి. మన ఇండిగో 2016లో 1 నుంచి 4, 11 నుంచి 14 వరుసల్లో 12 ఏళ్లలోపు పిల్లలకు సీట్లు లేవని ప్రకటించింది. కాళ్లు చాపుకోవడానికి ఎక్కువ జాగా ఉండి, ఎక్కువ ధర పలికే సీట్లు ఆ వరుసల్లోనే ఉండటం కాకతాళీయం కావచ్చు.

అందరికన్నా ముందుకెళ్లింది కొరెండాన్ విమాన సంస్థ. 2023 నవంబరులో ఆమ్‌స్టర్‌డామ్ నుంచి కరీబియన్ దీవి కురసావ్‌కి వెళ్లే విమానంలో ముందుభాగాన్ని 16 ఏళ్లు నిండినవాళ్లకే ప్రత్యేకించింది. మామూలు సీట్లు 93, జాగా ఎక్కువున్నవి 9. మామూలు సీటుకి ఒకవైపు ప్రయాణానికి 45 యూరోలు అదనం, పెద్ద సీటుకి 100. మధ్యలో ఒక గోడ, ఒక తెర. దీనివల్ల తల్లిదండ్రులకూ మేలేననీ, పిల్లాడు ఏడిస్తే పక్కవాళ్లు ఏమనుకుంటారో అన్న బెంగ ఉండదనీ సంస్థ చెప్పుకుంది. ఆ బెంగ తీర్చినందుకు వాళ్ల దగ్గర కూడా ఇంత అని వసూలు చేయవచ్చన్న ఆలోచన అప్పటికి తట్టినట్టు లేదు.

వయసు విషయంలో సంస్థల మధ్య ఏకాభిప్రాయం లేదు. సింగపూర్‌లో 12 నిండితే మనిషికి నెమ్మది వచ్చేస్తుంది, ఆమ్‌స్టర్‌డామ్‌లో అందుకు మరో నాలుగేళ్లు పడుతుంది. గరిష్ఠ వయసు మాత్రం ఎవరూ పెట్టలేదు. అందువల్ల 58 ఏళ్ల పెద్దమనిషి ఇయర్‌ఫోన్లు లేకుండా రీల్స్ చూసినా, సీటు వెనక్కి వాల్చి గురకపెట్టినా, చక్రాలు నేలను తాకీ తాకకముందే లేచి నిలబడి “ఆఁ, దిగిపోయాం, డ్రైవర్ని పంపించెయ్” అని ఫోన్లో కేకేసినా నిశ్శబ్దానికి భంగం కలిగినట్టు కాదు. ఆయన విభాగం నిబంధనలకు పూర్తిగా లోబడే ఉన్నాడు.

శబ్దశాస్త్రం కూడా ఈ విభాగానికి పెద్దగా సహకరించదు. ఇంజన్లు రెక్కల కింద ఉండే విమానాల్లో వెనక హోరు ఎక్కువ, ముందు తక్కువ. వెనక కూర్చున్నవాళ్లకు ఏడుపు కొంత ఆ హోరులో కలిసిపోతుంది. ముందు కూర్చుని నిశ్శబ్దాన్ని కొనుక్కున్నవాళ్లకు అది స్పష్టంగా అందుతుంది. ఖరీదైన హెడ్‌ఫోన్లదీ అదే తీరు. ఒకే స్థాయిలో సాగే ఇంజన్ రొదను అవి బాగా తగ్గిస్తాయి. ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలియని సన్నటి గొంతుని అంతగా ఆపలేవు. రొద పోయి ఏడుపు మిగులుతుంది.

ఆ ఏడుపుకి కారణం చాలాసార్లు పెంపకం కాదు, గాలి. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తున్న కొండమీద ఉన్నంతే ఉంటుంది. విమానం దిగుతున్నప్పుడు అది పెరుగుతూ వస్తుంది. చెవినీ గొంతునీ కలిపే సన్నని గొట్టం తెరుచుకుంటేనే లోపలి ఒత్తిడి సర్దుకుంటుంది. పెద్దవాళ్లు ఆవులిస్తారు, చప్పరించడానికి బిళ్ల అడుగుతారు. చంటిబిడ్డకు ఆ గొట్టం మరీ సన్నం, గుటక వెయ్యమంటే వెయ్యదు. అందుకే దిగే ముందు పాలసీసా నోట్లో పెట్టమంటారు వైద్యులు. అది తెలిసిన తల్లి బిడ్డ ఆకలిని ల్యాండింగ్ సమయానికి సరిపెట్టాలని చూస్తుంది. ఇంతలో విమానం మరో అరగంట గాల్లోనే చక్కర్లు కొడుతుంది.

దూరప్రయాణాల్లో ముందుగోడకు తగిలించే ఉయ్యాల తొట్టి ఒకటి ఉంటుంది. రెండు గంటలు ఊపి, జోకొట్టి, భుజం మార్చి భుజాన వేసుకున్నాక బిడ్డ అందులో నిద్రపోతుంది. సరిగ్గా అప్పుడే కుదుపులు వస్తాయి, సీటుబెల్టు దీపం వెలుగుతుంది. నిబంధన ప్రకారం బిడ్డను తొట్టిలోంచి తీసి ఒళ్లో పెట్టుకోవాలి. తర్వాత జరిగేది నాలుగు వరుసల అవతలిదాకా అందరికీ తెలుస్తుంది.

ఇన్ని బాధలు పడుతూ కుటుంబాలు విమానం ఎందుకెక్కుతాయన్న ప్రశ్నకు తెలుగువాళ్ల వరకు సమాధానం తేలిక. డాలస్‌లో పుట్టిన మనవడి పుట్టువెంట్రుకలు తిరుమలలో తీయించాలి. ఆనవాయితీ ప్రకారం అది మొదటి ఏడైనా కావాలి, మూడో ఏడైనా కావాలి. అంతర్జాతీయ ప్రయాణాల్లో రెండేళ్లలోపు బిడ్డ ఒళ్లో కూర్చుంటే సాధారణంగా పెద్దల టికెట్‌లో పదో వంతుతో సరిపోతుంది, రెండు నిండితే సొంత సీటు కొనాల్సిందే. కాబట్టి ముహూర్తాన్ని పురోహితుడికన్నా ముందు టికెట్ ధర నిర్ణయిస్తుంది. ఫలితంగా దోహా, దుబాయ్‌ల మీదుగా శంషాబాద్‌కి వచ్చిపోయే విమానాల్లో డిసెంబరు నెల నిండా ఏడాది లోపు గుండ్లూ, కాబోయే గుండ్లూ కనిపిస్తాయి.

పిల్లల నుంచి దూరం కోరేవాళ్ల విషయంలో జపాన్ ఎయిర్‌లైన్స్ డబ్బు చూసుకోలేదు. 2019 నుంచి తన వెబ్‌సైట్ సీట్ల పటంలో, 8 రోజుల నుంచి రెండేళ్లలోపు పిల్లలు కూర్చునే చోట చిన్న పాప ముఖం చూపిస్తోంది. తప్పుకోవాలనుకున్నవాళ్లు ఉచితంగా తప్పుకోవచ్చు. టికెట్ టూర్ ప్యాకేజీలో కొన్నా, చివరి నిమిషంలో విమానం మారినా ఆ ముఖం కనిపించకపోవచ్చు. ముఖం లేని సీట్లోంచే ఏడుపు వినిపించడానికి అవకాశం ఉంది.

మిగతా పరిశ్రమలో మాత్రం పిల్లాడి నుంచి దూరం ఎంత గిట్టుబాటో, పిల్లాడికి దగ్గరతనం కూడా అంతే గిట్టుబాటు. సీటు ఎంచుకోవడానికి రుసుము పెట్టాక, అది కట్టని కుటుంబాన్ని కంప్యూటర్ 6లో తల్లి, 19లో తండ్రి, 27లో నాలుగేళ్ల కూతురుగా విడదీసే వీలుంది. పాప పక్కన పడ్డ అపరిచితుడు తన సీటు తనే బతిమాలి మరీ తల్లికి ఇచ్చేస్తాడు. ఆ సేవకు అతనికి పారితోషికం ఉండదు. 2024 ఏప్రిల్‌లో మన పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ జోక్యం చేసుకుని, 12 ఏళ్ల దాకా పిల్లలకు అదే పీఎన్‌ఆర్‌లో ఉన్న తల్లిదండ్రుల్లో, సంరక్షకుల్లో కనీసం ఒకరి పక్కన సీటివ్వాలని ఆదేశించింది. 12 దాటిన పిల్లాడు ఆ రక్షణలోంచి బయటికొస్తాడు. అప్పటి నుంచి అమ్మ పక్కన కూర్చోవాలంటే సీటు రుసుము కట్టుకోవాలి, నిశ్శబ్ద విభాగంలో ఒంటరిగా కూర్చోవడానికి మాత్రం అతనికి సంపూర్ణ అర్హత ఉంది.