పార్టు అడక్కు, మిషనే కొనుక్కో!

చవక కార్డ్‌లెస్ డ్రిల్లుల దిగుమతిదారు మహాశయా! కొత్త మిషన్ మీద మాకే ఫిర్యాదూ లేదు. పెట్టె భేషుగ్గా ఉంది. అందులో కుక్కిన బిట్లు మొదటి గోడకే మొండిబారినా రంగు మాత్రం బంగారమే. గొడవల్లా అది పాడయ్యాకే.

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో వైరున్న డ్రిల్లుకు కార్బన్లు, అంటే మోటారుకు కరెంటందించే బ్రష్‌లు, అడగండి. కుర్రాడు డబ్బా దించి, పాతదాని పక్కన పెట్టి కొలత చూసి, జత చేతిలో పెడతాడు. అదే మీ మిషన్ చూపిస్తే అటూ ఇటూ తిప్పి, "దీనికి రావన్నా, కొత్తది తీస్కో" అంటాడు. అతని తప్పేముంది? కార్బన్లను మోటారు డబ్బాలో పెట్టి నొక్కి మూసేశారు. అవి అరిగితే మోటారే మార్చాలి. మార్చాలంటే దాని కొసనున్న చిన్న పళ్ళచక్రం, అదే పినియన్‌కు, ఎన్ని పళ్ళో లెక్కపెట్టాలి. ఒకదానికి 9, ఇంకోదానికి 14. పెళ్ళి సంబంధాలకు కూడా ఇన్ని పొంతనలు చూడరు.

తేలిగ్గా దొరికేది బిట్టును పట్టుకునే చక్ ఒక్కటే. దాని దవడలు తెరిస్తే లోపల ఒక స్క్రూ ఉంటుంది. అది ఎడమ మర. మామూలుగా విప్పబోతే ఇంకా బిగుసుకుంటుంది. ఆ ముక్క మీరిచ్చిన కాగితంలో ఉండదు. స్క్రూ తల అరిగాక మేమే నేర్చుకుంటాం.

ఇక బ్యాటరీ మహిమ. స్టిక్కరు మీద 48 వోల్టులు. మూత విప్పితే వరసగా కలిపిన 5 సెల్‌లు. సెల్‌కు 3.6 వోల్టుల చొప్పున 18, నిండుగా చార్జయితే 21. నిజంగా 48 వోల్టుల ప్యాక్‌కు 13 సెల్‌లు వేస్తారు. మిగతా 8 స్టిక్కరు వెనక దాక్కున్నాయి కాబోలు! ఉన్న అయిదింట్లో ఒక్కటి నీరసించినా ప్యాక్ మొత్తం పడకేస్తుంది. కొత్త ప్యాక్ కొందామంటే మరో స్టిక్కరు ప్యాక్ ఈ మిషన్ గాడిలో చాలాసార్లు దూరదు, ధరేమో మిషన్‌కు బెత్తెడు దూరం. అందుకే బ్యాటరీ కోసం మిషన్ కొనే వింత జనం మీ పుణ్యమా అని తయారయ్యారు.

పోనీ, ప్రభుత్వమైనా ఆదుకుంటుందా అంటే, కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరు 24న రిపేరు హక్కు పోర్టల్ తెరిచింది. వ్యవసాయ పరికరాలు, ఫోన్లు-ఎలక్ట్రానిక్స్, గృహోపకరణాలు, వాహనాలు అంటూ నాలుగు రంగాలు ఎంచుకుంది. ఆ నాలుగింటినీ విప్పి బిగించే పనిముట్టుకు మాత్రం విడిగా చోటు లేదు. పెట్టె మీద దిగుమతిదారు పేరూ చిరునామా ఉండాలంది చట్టం, అచ్చేశారు. ఆ చిరునామాలో ఒక్క స్విచ్చయినా దొరకాలని అనలేదు. అననిది మీరెందుకు చేస్తారు?

కార్పెంటరుకూ, కర్టెన్ రాడ్లు బిగించే కుర్రాడికీ డ్రిల్లు ఆటబొమ్మ కాదు. మిషన్ ఆగితే ఆ పూట కూలి ఆగుతుంది. చవకని నమ్మి వచ్చిన మనిషి చేత ఒకే డ్రిల్లును మళ్ళీ మళ్ళీ కొనిపిస్తున్నారు. ఆ డబ్బంతా కలిపితే, విడి భాగాలు దొరికే మిషన్ ఎప్పుడో వచ్చేది. కానీ ఒక్కసారే అంత పెట్టలేకే కదా అతను మీ గుమ్మం తొక్కింది!

బ్యాటరీ, మోటారు, స్విచ్ విడిగా అమ్మండి. అది నష్టం అనిపిస్తే కనీసం పెట్టె మీద, వోల్టులు వేసినంత పెద్ద అక్షరాల్లో, ఒక్క నిజం అచ్చేయించండి: "ఈ ధర మొదటి వాయిదా మాత్రమే."