నురగగుంటీయం (టీకా, తాత్పర్య, విశేష సహితం)

అవతారిక

విమానం బాగుచేసేవాడు సాధన చతుష్టయ సంపన్నుడై ఉండాలి. వేదాంతులకు ఆ నాలుగూ వివేకంతో మొదలై మోక్షం మీది కోరికతో ముగుస్తాయి. మా చిన్నాయనకు మాత్రం పానా, పట్టకారు, స్క్రూడ్రైవరు, టార్చిలైటు. ఈ నాలుగింటితో ఆయన బొంబాయి శాంతాక్రూజ్ వైపు ఒక హ్యాంగరులో నలభై ఏళ్ళు తపస్సు చేశాడు.

ఆశ్రమం మాత్రం వర్లి. బి.డి.డి. చాళ్ళు. 1920లలో కట్టినవి, అప్పట్లో వర్లిలో 121 బిల్డింగులు. బిల్డింగుకు ఎనభై గదులు, గదికి 160 చదరపు అడుగులు. తాత మిల్లులో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపాడు. 1982 జనవరి 18న మిల్లుల సమ్మె మొదలై ఎంతకూ తెగకపోయేసరికి, చిన్నకొడుకును నూలు పోగు వదిలి లోహం పట్టుకోమన్నాడు.

చిన్నాయన సొంత పెట్టె మూత లోపలి వైపు తెల్ల పెయింటుతో నాలుగు పాదాలున్నాయి. రాసిందెవరని అడిగితే "పెట్టెనే" అన్నాడు. కనుక దీన్ని అపౌరుషేయంగా గ్రహించి వ్యాఖ్యానిస్తున్నాను. ఇందులో సాహసమేమీ లేదు. మల్లినాథ సూరిది మెదకు దగ్గరి కొల్చారం అంటారు. మావాళ్ళూ ఆ తెలంగాణ నుంచే బొంబాయికి వచ్చారు. వ్యాఖ్యానం మాకు ఊరి వృత్తి. మూలంలో లేనిది రాయనని ఆయన ప్రతిజ్ఞ చేశాడు. నేను చేయను.

మూలం

పెట్టె మోసినంత పెద్దరికము రాదు
లెక్క తప్పకున్న లేచు బండి
చిన్న పానయైన చెప్పక పోరాదు
నోరు తెఱచి యడుగు నురగగుంట

ఛందస్సు

ఆటవెలది. ఈ పేరు చూసి, ఈ పద్యం వేశ్యవాడగా పేరుపడ్డ కామాఠీపురాలో పుట్టి ఉంటుందని ఒక రసికుడు కన్నుగీటాడు. అతనికి సమాధానం: కామాఠీపురా అన్న పేరు తెలుగుదేశం నుంచి వచ్చి బొంబాయికి రాళ్ళెత్తిన, మట్టి మోసిన కామాఠీలది. ఆ పధ్నాలుగు గల్లీల పేరులో ఉన్నది చెమట. మిగతా కథలు తరువాత అతికినవి.

ప్రతిపదార్థం

పెట్టె = పనిముట్ల పెట్టెను; మోసినంత = భుజాన వేసుకున్న మాత్రాన; పెద్దరికము = మేస్త్రీతనం; రాదు = అబ్బదు; లెక్క = పనికి ముందూ, పని తరువాతా చేసే సామాను లెక్క; తప్పకున్న = సరిపోతేనే; బండి = విమానం; లేచు = గాలిలోకి లేస్తుంది; చిన్న పానయైన = వేలెడంత పానా అయినా; చెప్పక = పుస్తకంలో రాయకుండా, బిళ్ళ పెట్టకుండా; పోరాదు = పెట్టె దాటకూడదు; నురగగుంట = ఫోము పలకలో పనిముట్టు ఆకారానికి కోసిన గుంట; నోరు తెఱచి = ఖాళీగా కనబడి; అడుగు = 'ఏదిరా నాది?' అని నిలదీస్తుంది.

తాత్పర్యం

పనిముట్లు ఉన్నవాడు పనివాడు కాడు. ఏది లేదో తెలిసినవాడు పనివాడు.

విశేషాలు

ఒకటి: 'పెట్టె'. కొత్తగా పనిలో చేరినవాడికి మొదటి జీతంతో రెండు కోరికలు పుడతాయి. ఒకటి నాగదేవి స్ట్రీటులో మెరుస్తున్న సామానంతా కొనడం. రెండోది దాన్ని పట్టేంత పెట్టె కొనడం. చిన్నాయన రెండూ వద్దనేవాడు. "ముందుగల పని చూడు. ఏది నాలుగు దినాలు అడుక్కుంటవో, అది ఐదో దినం కొను." ఈ సూత్రం ప్రకారం పెట్టె దానంతటదే పెరుగుతుంది. హ్యాంగరులో ఉండేవాడికి సొరుగుల బండి చక్రాల మీద నడుస్తుంది. రన్‌వే పక్కన, రెండు ప్రయాణాల సందున నిచ్చెన ఎక్కేవాడికి ఆ బండి దేనికి? వాడికి చేతిసంచి, అందులో ఆ పనికి కావలసినవి మాత్రమే. రెక్క మీదికి ఎక్కినవాడు అరవై సాకెట్లలో మూడు వాడితే, మిగతా యాభై ఏడూ జారిపడటానికి సిద్ధంగా ఉన్నట్టే.

ఎంపికలో ఇంకో చిక్కు ఉంది. ఇంటి దగ్గర స్కూటరుది మిల్లీమీటర్ల జాతి, బోయింగుది అంగుళాల జాతి. అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. పదమూడో నంబరు పానా దానికి పడుతుంది. పట్టినట్టే ఉండి నట్టు మూలలు అరగదీస్తుంది. సంబంధం కుదిరినట్టే ఉండి కాపురం చెడినట్టు. అందుకని రెండు జాతుల పానాలూ ఒకే సొరుగులో పడుకోకూడదని శాసనం. అలాగే కాడ్మియం పూత ఉన్న పనిముట్టు టైటానియాన్ని తాకరాదు. తాకితే ఆ లోహం పెళుసెక్కవచ్చు. అల్యూమినియం రేకు మీద పెన్సిలుతో గుర్తు పెట్టరాదు. ఆ గీతలోని గ్రాఫైటు తుప్పుకు పిలుపు. వడ్రంగి చెవి మీది పెన్సిలుకు ఇక్కడ ప్రవేశం లేదు.

కంటితో పోల్చి ఎంచుకునేవారి కోసం ఒక పురాణగాథ. 1990 జూన్ 10న, ఇంగ్లండులో లేచిన ఒక విమానానికి గాలిలో ముందు అద్దం ఊడిపోయి, కెప్టెను సగం బయటికి లాగబడ్డాడు. సిబ్బంది అతని కాళ్ళు పట్టుకుని వేలాడారు; అతను బతికాడు. కొత్తగా బిగించిన ఆ అద్దానికి 90 బోల్టులుంటే, అందులో 84 ఉండవలసిన దానికన్నా సన్నం. పాత బోల్టు పక్కన పెట్టి, చూపుతో సరిపోల్చి తీసినవి.

రెండు: 'లెక్క'. ఇది గణితం కాదు, వ్రతం. పని మొదలెట్టే ముందు ఒకసారి, పని ముగిశాక ఒకసారి, పెట్టె మూసే ముందు ఇంకోసారి. ప్రతి పనిముట్టు మీదా యజమాని గుర్తు చెక్కి ఉండాలి. చిన్నాయన గుర్తు సాంచె నాడె బొమ్మ. హ్యాంగరు వస్తువు తీసుకుంటే దాని చోట నీ నంబరు బిళ్ళ తగిలించాలి. బిగింపును కొలిచే టార్కు రెంచికి అంటించిన కాగితం మీద తేదీ దాటితే, అది ఎంత ఖరీదైనదైనా ఆనాటికి ఇనుప కడ్డీయే, మళ్ళీ సరిచూపించాలి. దాన్ని పక్కన పెట్టేటప్పుడు కొలతను అడుగుకు తిప్పి పెట్టాలి. లోపలి స్ప్రింగుకూ నిద్ర కావాలి కదా!

మూడు: 'చెప్పక'. ఈ మాటలోనే పద్యం ప్రాణముంది. 'చిన్న పాన పోరాదు' అని కవి అనలేదు. వస్తువు పోవడం మానవ సహజం, చెప్పకపోవడమే దోషం. ఒక రాత్రి చిన్నాయనకు 5/16 సాకెట్టు ఒకటి తక్కువ వచ్చింది. చిటికెన వేలి చివరంత ఉంటుంది. తెల్లవారి ఆరింటికి విమానం వెళ్ళాలి. ఆయన వెళ్ళి పెద్దాయనతో చెప్పాడు. విప్పిన మూతలన్నీ మళ్ళీ విప్పారు. అద్దాలు, అయస్కాంతాలు పట్టుకుని ఎనిమిదిమంది వెతికారు. రాత్రి రెండింటికి సాకెట్టు దొరికింది: చిన్నాయన నడుముకు దోపుకున్న చేతిగుడ్డ మడతలో. నవ్వినవాళ్ళు నవ్వారు. పెద్దాయన మాత్రం చాయ్ తెప్పించి, "చెప్పినవ్, మంచిది" అన్నాడట.

చెప్పకపోతే ఏమవుతుందో లోకం చూసింది. ఆస్ట్రేలియాకు చెందిన ఒక ఎయిర్‌బస్ ఎ380 ఇంజనులో 1.25 మీటర్ల నైలాను పనిముట్టు మిగిలిపోయింది. దానితోనే ఆ విమానం 34 సార్లు ఎగిరింది, సుమారు 294 గంటలు. చివరకు 2024 జనవరి 1న లాస్ ఏంజెలస్‌లో బయటపడింది. పోయిన పనిముట్టుకు జరపవలసిన వెతుకులాట మొదలుపెట్టకుండానే విమానాన్ని వదిలేశారని దర్యాప్తు తేల్చింది. చిటికెన వేలంత దానికి ఎనిమిదిమంది కదిలారు. మనిషి నడుము దాటేంత పొడవున్నది దాదాపు నెల రోజులు ప్రయాణం చేసింది.

నాలుగు: 'నురగగుంట'. నురగ అనగానే వర్లి సీఫేసు గోడకు కొట్టుకునే వానాకాలపు అల గుర్తొస్తుంది. ఇక్కడ అది కాదు. రెండు రంగుల ఫోము పలక: పైన నలుపు, కింద ఎరుపో పసుపో. ఒక్కో పనిముట్టు రూపానికి పై పొర కోస్తే, వస్తువు తీయగానే అడుగు రంగు భగ్గుమంటుంది. గుంట నోరు తెరవడం సమాసోక్తి అని ఆలంకారికులు. స్టోరు కీపరు మాత్రం ఇది స్వభావోక్తి అంటాడు. అతన్ని ఆ గుంటలు రోజూ నిజంగానే అడుగుతాయి.

పాఠాంతరం

రెండో పాదానికి 'లెక్క తప్పెనేని నిలుచు బండి' అని మరో పాఠం వినబడుతోంది. యతిభంగం. అయినా హ్యాంగరులో యతి తప్పితే ప్రమాదం లేదు కనుక గ్రాహ్యమే.

ఆక్షేపణ, సమాధానం

ఇంత నియమం మనిషికి ఎలా పట్టుబడుతుందని ఆక్షేపణ. 160 చదరపు అడుగుల్లో ఏడుగురు బతికిన ఇంట్లో పుట్టినవాడికి కొత్తగా నేర్పాలా అని సమాధానం. చాప గోడ మూలకు, ట్రంకు మంచం కిందికి, గిన్నెలు పైఅరకు. కంచాలు ఏడు. రాత్రి దీపం తీసే ముందు అవ్వ బోర్లించిన కంచాలు చూసేది. ఒకటి తడవకుండా ఉంటే, ఎవరు ఇంకా మిల్లు నుంచి రాలేదో అడగకుండానే తెలిసేది. ఆ గదే చిన్నాయన చూసిన మొదటి ఫోము పలక.

ఫలశ్రుతి

2025 ఆగస్టులో వర్లి చాళ్ళవాళ్ళకు కొత్త టవర్లలో మొదటి 556 ఫ్లాట్ల తాళాలు ఇచ్చారు. ఫ్లాటు 500 చదరపు అడుగులు. చిన్నాయనకూ వంతు వచ్చింది. ఇల్లు మూడింతలయ్యాక చిన్నమ్మకు కత్తెర కనబడటం మానేసింది. మూడు రోజులు విని, నాలుగో రోజు ఆయన ఫోము పలక తెచ్చి వంటింటి సొరుగుకు కోసి పరిచాడు: కత్తెరకొక గుంట, పట్టకారుకొకటి, అట్లకాడకొకటి.

ఈ వ్యాఖ్యానానికి మూలప్రతి రాసుకుని నేను లేవబోతుంటే ఆయన వంటింటి సొరుగు లాగి చూశాడు. కత్తెర గుంట ఎర్రగా నోరు తెరిచింది. తలుపుకు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. "లెక్క తేలేదాక బండి లేవది" అన్నాడు.

కత్తెర నా సంచిలో, ఈ కాగితాల మధ్యే దొరికింది.