పైకి బాగానే ఉన్నాను

టర్బో బండి అనగానే అందరి నోటా టర్బో మాటే. బాగా లాగుతుందంటారు, ఈల వేస్తుందంటారు, పోతే ఎంత ఖర్చో లెక్కలు వేస్తారు. ఆ టర్బో పుణ్యాన పెరిగే వేడిని ఎవరు మోస్తున్నారని అడిగినవాణ్ణి మాత్రం నేనింతవరకు చూడలేదు. మోసేది నేను. తిరుచానూరులో తిరిగే ఒక షెవర్లే టవేరాకు పై హోసును. ఇంజను ముందున్న మూతి నుంచి రేడియేటర్ పైమూతి దాకా వంకర తిరిగి పోయే నల్లటి గొట్టాన్ని. చల్లబడ్డ నీళ్లను తిరిగి ఇంజనుకు చేర్చేవాడు కింద ఇంకొకడున్నాడు. వాడిది చల్లని ఉద్యోగం, నాది వేడిది. జీతం ఇద్దరికీ ఒకటే.

నల్లగా ఉన్నానని నన్ను కేరళ తోటల్లో చెట్టుపాలకు పుట్టినవాణ్ణని అనుకోవద్దు. నాది పెట్రోలియం పుట్టుక. ఈపీడీఎం అంటారు నా జాతిని. లోపల ఒక పొర, పైన ఒక పొర, నడుమ అల్లిన నూలు. పచ్చిగా ఉన్నప్పుడు తిన్నని గొట్టాన్నే. వంకర తిప్పిన ఇనుప కడ్డీకి నన్ను తొడిగి ఆవిరిలో ఉడికించారు. ఆ కడ్డీ వంకరే నాకు జన్మంతా నిలిచింది. వేడినీళ్లకు, ఎండకు, గాలికి తట్టుకునే ఒళ్లు నాది. నూనె ఒక్కటే పడదు.

బండి 2008 మోడల్, ఏపీ 03 నంబరు. టవేరా అంటే షెవర్లే అని పేరే గాని, దాని అసలు ఇల్లు వేరు. ఇండోనేషియాలో ఇసుజు పాంథర్ అని తిరిగిన బండే ఇక్కడికొచ్చి పేరు మార్చుకుంది. రెండున్నర లీటర్ల ఇసుజు డీజిల్ ఇంజను, దాని పక్కన టర్బో, అంతా కలిపి సుమారు 80 గుర్రాల బలం. ఈ కాలం కార్లు చూసినవాళ్లకు నవ్వు రావచ్చు. పదిమందిని, వాళ్ల పెట్టెలను, పైన కట్టిన మూటలను మోసుకుని కొండెక్కమనండి వాళ్ల కార్లను, అప్పుడు మాట్లాడదాం. ఆ ఇసుజువాళ్లే 2016లో మా పక్కన శ్రీసిటీలో ఫ్యాక్టరీ తెరిచారు. నన్ను ఈ బండికి బిగించిందీ ఆ ఏడాదే. మరుసటేడు షెవర్లే మన దేశంలో అమ్మకాలు మానుకుంది. బండ్లు మాత్రం మానుకోలేదు. మా ఊళ్లో బండి రిటైరయ్యేది కంపెనీ చెప్పినప్పుడు కాదు, ఓనరు విసిగినప్పుడు.

నా బతుకంతా తిరుమల ఘాట్ రోడ్డే. ఎక్కడం రెండో ఘాట్‌లో, దిగడం మొదటి ఘాట్‌లో. దిగే దారి 1944లో వేసింది, ఎక్కే దారి 1974లో వచ్చింది. అలిపిరి దగ్గర టైము వేసి పంపుతారు. ఇరవై ఎనిమిది నిమిషాల కంటే ముందు పైకి చేరితే జరిమానా. ఆ నియమం మనుషుల ప్రాణాలకు మంచిదే, కాదనను. నా సంగతి కూడా వినండి. బండి నెమ్మదిగా పోతుంటే ఎదురుగాలి ఉండదు. గేరు తక్కువ, బరువు ఎక్కువ. టర్బో ఇంజనులోకి గాలిని కుక్కుతుంది, గాలి పెరిగినకొద్దీ డీజిల్ పెరుగుతుంది, డీజిల్‌తోపాటు మంట పెరుగుతుంది. ఆ మంటలో ఇంచుమించు మూడో వంతు వేడి చక్రాలకూ పోదు, పొగగొట్టానికీ పోదు, నీళ్లలోకి దిగుతుంది. ఆ నీళ్లు నాలోంచే పోవాలి. రేడియేటర్ మూతలో ఒక స్ప్రింగు ఉంది. ఒక బార్ అదనపు ఒత్తిడి నిలిపితే నీళ్లు వందకు బదులు 120 డిగ్రీల దగ్గర గాని మరగవు. ఉపాయం గొప్పదే. ఆ ఒత్తిడిని గుండెలతో అదిమిపట్టుకునేది మాత్రం మూత ఒక్కటే కాదు, నా గోడ కూడా.

పైకి చేరాక ఇంకొకటి. ఎక్కిన బండిని రెండు నిమిషాలు ఊరికే తిరగనిచ్చి ఆపాలి. నిమిషానికి లక్ష చుట్లు తిరిగే వస్తువు టర్బో, దానికి నూనె అందుతూ ఉండగానే చల్లబడాలి. మా డ్రైవరుకు ఈ సంగతి తెలుసు. పార్కింగ్‌లో వెనక బండ్లవాళ్లు హారన్ కొడుతుంటే తెలిసినా లాభం లేదు, తాళం తిప్పేస్తాడు. పంపు ఆగిపోతుంది, వేడి ఎక్కడిదక్కడ నిలిచిపోతుంది. ఇంజను ఆగాక నాకు తగిలే వేడి నడుస్తున్నప్పటికంటే ఎక్కువని ఎవరికైనా చెబితే నమ్మరు.

ఇక నా రోగం. హోసు అంటే పైన పగుళ్లు వస్తే ముసలిదైందని, నున్నగా ఉంటే బాగుందని లోకం లెక్క. ఆ లెక్క తప్పు. ఒంటికి గట్టిదనం కోసం నాలో కలిపిన బొగ్గుమసి కరెంటును కొంత పారనిస్తుంది. ఒక పక్క ఇంజను లోహం, ఇంకో పక్క రేడియేటర్ లోహం, మధ్యలో కూలెంటు నీళ్లు. అక్కడ సన్నగా ఒక బ్యాటరీ తయారవుతుంది. ఆ చిన్న కరెంటు నా లోపలి పొరలో నిలువునా సన్నని చీలికలు చేస్తుంది. మధ్యలో తక్కువ, క్లిప్పులు బిగించే కొసల దగ్గర ఎక్కువ. చీలికలోంచి నీళ్లు నూలులోకి దిగుతాయి, నూలు చచ్చుబడుతుంది. పైపొర మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది. కనిపెట్టే దారి ఒకటే. ఇంజను చల్లగా ఉన్నప్పుడు క్లిప్పు పక్కనే రెండు వేళ్లతో నొక్కాలి, తర్వాత నడిమిభాగం నొక్కాలి. కొస మెత్తబడి, లోపల గాడి తగిలినట్టుంటే మా ఆయుష్షు తీరినట్టే. మా డ్రైవరూ నొక్కేవాడు పాపం, ప్రతిసారీ నడిమిలోనే.

కూలెంటు మార్చి ఉంటే ఇంకొంత కాలం లాగేవాణ్ణి. అందులో కలిపిన మందుకు ఒక వయసుంటుంది, అది తీరాక మిగిలేది రంగునీళ్లే. మా బండికి ఆ రంగు కూడా మిగల్లేదు. తగ్గినప్పుడల్లా బోరునీళ్లు పోశారు. ఒకసారి తిరుమలలో కుళాయి నీళ్లు పోస్తూ, "సామి తీర్థం, ఏం కాదులే" అన్నాడు మా డ్రైవరు. భక్తి మంచిదే, నాకు కావలసింది డిస్టిల్డ్ వాటర్. అంతకుముందెప్పుడో ఒక మెకానిక్ థర్మోస్టాట్ పీకి పారేశాడు. అది లేకుంటే బండి చల్లగా ఉంటుందని మన వాళ్లలో ఒక నమ్మకం. చల్లగా ఉంటుంది, అవసరం లేనప్పుడు కూడా. ఇంజను వేడెక్కాల్సినంత వేడెక్కక డీజిల్ తాగుతుంది, అరుగుతుంది. దీనికి తోడు టర్బోకు గాలి తెచ్చే పైపు జాయింటు దగ్గర నూనె చెమ్మ. ఒక్కో చుక్క నా మీద. అక్కడ నా ఒళ్లు ఉబ్బి మెత్తబడింది.

2020లో మార్చి నుంచి జూన్ దాకా కొండ మీద భక్తులకు దర్శనాలు ఆపినప్పుడు బండి ఇంటి ముందే నిలబడింది. కదలకుంటే విశ్రాంతి అనుకుంటారు. పాత నీళ్లు లోపల నిలవ ఉండి నన్ను తినడం ఆ నెలల్లోనూ మానలేదు. తర్వాత 2022లో జిల్లా మారింది. చిత్తూరు పోయి తిరుపతి అని బోర్డులకు కొత్త రంగులు పడ్డాయి. నాకు మాత్రం ఎవరూ కొత్త నీళ్లు పోయలేదు.

పోయిన కార్తీకంలో తెగింది. అమ్మవారి బ్రహ్మోత్సవాలు, పంచమీతీర్థం దగ్గర పడింది. పద్మసరోవరం చుట్టుపక్కల వీధులు జనంతో కిక్కిరిసి ఉన్నాయి. ధర్మపురి నుంచి వచ్చిన ఒక కుటుంబాన్ని ఎక్కించుకుని, ఊరు దాటడానికే చాలాసేపు మొదటి గేరులో పాకాం. అలిపిరి దాటి సగం ఎక్కామో లేదో, ఇంజను వైపు క్లిప్పు అంచున చీలాను. ఒక్కసారిగా పగల్లేదు. సన్నటి జల్లు, వేడి ఇనుము మీద పడి ఆవిరి. మిగిలిన కొద్దిపాటి కూలెంటు తీపి వాసన ఏసీలోంచి లోపలికి పోయింది. ముందు సీట్లో పెద్దామె "ఏదో పాకం మాడుతున్న వాసన" అని తమిళంలో అన్నది. ముల్లు ఎర్రగీత ఎక్కేలోపు డ్రైవరు పక్కకు తీసి ఆపాడు. మూత మీద చెయ్యి వేయలేదు, అక్కడ మాత్రం వాడిని మెచ్చుకోవాలి. కాలినోళ్ల కథలు వాడు చాలా విన్నాడు.

రెండో ఘాట్ ఎక్కడానికే గాని దిగడానికి కాదు. వెనక్కి తిప్పుకుని ఊరికి పోదామంటే కుదరదు, చెడిపోయినా పైకే పోవాలి. తెలిసినవాడి జీపు వస్తే ధర్మపురివాళ్లను అందులో ఎక్కించి పంపాడు. బండి బాగా చల్లారాక డిక్కీలోంచి పాత సైకిలు ట్యూబు తీసి, పేడుగా కోసి, సాగదీస్తూ నా గాయం మీద చుట్టి, పైన బైండింగ్ వైరు బిగించాడు. అచ్చం విరిగిన ఎముకకు వేసే పుత్తూరు కట్టే. సీసాల నీళ్లు పోసి, రేడియేటర్ మూతను పూర్తిగా బిగించకుండా మొదటి గాడిలోనే వదిలాడు. ఒత్తిడి కట్టకుంటే చీలిక పెద్దది కాదు, నీళ్లు త్వరగా మరుగుతాయి గాని. ఆగుతూ, పోస్తూ పైకి చేరాడు. దిగేటప్పుడు బాధ లేదు. మొదటి ఘాట్ మలుపుల్లో ఆక్సిలరేటర్ తొక్కే పనే లేదు, ఇంజను మంట నామమాత్రం.

మరునాడు మేస్త్రీ నన్ను కోసి తీశాడు. అతుక్కుపోయిన హోసును లాగితే రేడియేటర్ మూతి విరుగుతుందని బ్లేడుతో నిలువునా చీల్చి వలిచాడు. వలిచినదాన్ని తిరగేసి డ్రైవరు ముందు పెట్టాడు.

"చూడబ్బా. పైన మెరస్తా ఉండాది. లోపల చూడు."

"అయితే ఇదొక్కటి ఏసేయన్నా. మిగిలినవి బాగుండాయి కదా."

"ఇది కూడా మొన్నటిదాకా బాగుండె కదరా!"

వాడికి నోరు పెగల్లేదు. నన్ను శాంపిలుగా సంచిలో వేసుకుని స్కూటర్ మీద తిరుపతికి స్పేర్ పార్టుల అంగడికి పోయారు. బానెట్ బయటి లోకం నేను చూడడం అదే. అంగడివాడు నా వంకరను కొత్తవాడి వంకర పక్కన పెట్టి చూశాడు, మూతి కొలత చూశాడు. అడ్డదిడ్డంగా వంగే గొట్టమేదో చవకలో ఉందన్నాడు. వద్దన్నాడు మేస్త్రీ, వంగినచోట మడత పడి దారి మూసుకుంటుందని. పై హోసు, కింద హోసు, బైపాస్, హీటరు హోసులు రెండూ, క్లిప్పులు, కొత్త మూత, థర్మోస్టాట్, కూలెంటు తీసుకున్నారు. హీటరు హోసుల దగ్గర డ్రైవరు మళ్లీ మొండికేశాడు. తిరుపతిలో హీటరు వేసుకునేవాడెవడని. వేసుకోకున్నా అందులోనూ నీళ్లుంటాయి, అందరూ మరిచిపోయేది దాన్నేనని మేస్త్రీ జవాబు.

బిగించేటప్పుడు కుర్రాడు గ్రీజు డబ్బా తెచ్చాడు, హోసు సులువుగా జారుతుందని. మేస్త్రీ కసిరి సబ్బునీళ్లు తెమ్మన్నాడు. నూనెకూ మా జాతికీ ఉన్న వైరం తెలిసిన మనిషిని ఇన్నేళ్లలో ఒక్కణ్ణి చూశాను. మూతుల మీది తెల్లటి పొక్కును ఎమరీ కాగితంతో రుద్ది, క్లిప్పును మూతి గట్టుకు వెనకనే పడేట్టు పెట్టి, గట్టిగా కాకుండా తగినంత బిగించాడు. కూలెంటు, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి సన్నధారగా పోశాడు. ముందు చక్రాలను దిమ్మె ఎక్కించి, మూత తీసి ఇంజను తిప్పుతూ, కొత్తవాణ్ణి చేత్తో నొక్కుతూ లోపలి గాలి బుడగలన్నీ పోయేదాకా నిలబడ్డాడు. టర్బో పైపు జాయింటు కూడా బిగించాడు.

నన్ను పారేయలేదు. నూనె తగలని నడిమిముక్క జానెడు కోసి, కింద హోసు బ్రాకెట్‌కు రాసుకునే చోట దానికి తొడుగుగా వేసి రెండు ట్యాగులు బిగించాడు. ఇప్పుడు నాలో నీళ్లు లేవు, ఒత్తిడి లేదు. పని మాత్రం ఉంది.

పోయేటప్పుడు మేస్త్రీ డ్రైవరుకు ఒకటే చెప్పాడు. కొత్త రబ్బరు వేడికి అణిగి క్లిప్పు వదులవుతుంది, ఒక్కసారి కొండకు పోయొచ్చి బండి చల్లారాక ఇటు తీసుకురా, అరతిప్పు తిప్పుతా అని. "వస్తానన్నా" అన్నాడు వాడు. కాణిపాకం బాడుగ, కాళహస్తి బాడుగ, చెన్నై విమానాశ్రయం, కొండ, మళ్లీ కొండ. కొత్తవాడి మూతి దగ్గర తెల్లటి మరక ఒకటి మొదలైంది. కింద నుంచి నాకు బాగా కనబడుతోంది. అరతిప్పు చాలయ్యా నాయనా, స్క్రూడ్రైవర్ నీ సీటు కిందనే ఉంది.