గృహప్రవేశ పత్రికా సంజీవని

అవతారిక

మెదక్ జిల్లా కొలచారం వాడైన మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాసి దానికి సంజీవని అని పేరు పెట్టుకున్నాడు. చెడ్డ వ్యాఖ్యల విషం తలకెక్కి మూర్ఛపోయిన కవి వాక్కును లేపి కూర్చోబెట్టడం ఆయన తలపెట్టిన పని. ఇక్కడ కథ తిరగబడింది. మూలం నిక్షేపంగా ఉంది, చదివినవాళ్లే మూర్ఛపోతున్నారు. మూలంలో లేనిది రాయననీ, అక్కర లేనిది చెప్పననీ ఆ మహానుభావుడు ముందే మాటిచ్చాడు. ఆ రెండింట్లో ఒకదాన్నయినా నిలబెట్టుకోవాలని ఈ టీకాకారుడి ప్రయత్నం. ఏ ఒకటన్నది పాఠకులే తేల్చుకోవాలి.

మూలం ఎక్కడిదంటే, కరోనా తర్వాత పుట్టిన వాఙ్మయంలోది. జీతం హైదరాబాదులోనో బెంగళూరులోనో పడుతుంది, ఇల్లు గోదావరి డెల్టాలో కొబ్బరితోట మధ్య లేస్తుంది. ఆ ఇంటికి ఒక పత్రిక అచ్చవుతుంది: చేత్తో చేసిన ముతక కాగితం, మట్టిరంగు అక్షరాలు, మూలన అరటిచెట్టు బొమ్మ. ఇది ఏ ఒక్కరిదీ కాదు. ఎవరి పత్రిక తీసినా ఒకే ధోరణి. తాళపత్రాలు పరిష్కరించేవారిలా అలాంటివాటిని పక్కపక్కన పెట్టి, పాఠాంతరాలు ఏరి పారేసి స్థిరపరచిన శుద్ధప్రతి ఇది.

మూలం

“నగరపు పరుగుకు స్వస్తి చెప్పి, పొదుపుగా, ప్రకృతి ఒడిలో, మన పెద్దలు బతికినట్టే బతకాలని ఈ పల్లెకు చేరుకున్నాం. అందినదాంతో కట్టుకున్న మా చిన్న మట్టి ఇంట్లో వైశాఖ మాసాన ఉదయం 9 గం. 40 ని.లకు పాలు పొంగిస్తున్నాం. కానుకలు వద్దు, మీ రాకే పదివేలు. కార్లు నిలుపుటకు ఊరి కళ్లంలో ఏర్పాటు కలదు.”

టీక

నగరం, పరుగు, స్వస్తి, పల్లె: వీటిని “చంద్రుడు అనగా చంద్రుడు” అని రాసి పుట నింపే టీకాకారులకు వదిలేద్దాం. వాళ్లకూ పని ఉండాలి.

అందినదాంతో కట్టుకున్న: నేల మీద పరిచిన రంగుపలకలు తమిళనాడు శివగంగ జిల్లా ఆతంగుడి నుంచి లారీలో వచ్చాయి. గాజు మీద రంగు సిమెంటు పోసి ఒక్కొక్కటీ చేత్తో చేస్తారు. అందమైనవే, వాటికి వంక పెట్టడానికి లేదు. స్తంభాలు రంగం టేకు. ఎవరిదో మండువా లోగిలి అన్నదమ్ముల పంపకాల్లో పడగొడితే పాత కలప అమ్మేవాళ్ల దగ్గర బేరమాడి తెచ్చారు. గోడలకు గానుగసున్నం, అందులో కరక్కాయ, బెల్లం నానేసిన నీళ్లు పోయాలి. ఆ పని తెలిసిన మేస్త్రీ ఊళ్లో ఎప్పుడో పోయాడు, అతని కొడుకు సెంట్రింగు పనికి వెళ్తున్నాడు. కనుక మేస్త్రీ పొరుగు రాష్ట్రం నుంచి దిగాడు. రానూపోనూ ఛార్జీలు, బస, భోజనం యజమానివే.

లారీ బేకర్ అని ఒకాయన ఉండేవాడు. 1917లో బర్మింగ్‌హామ్‌లో పుట్టి, చివరికి తిరువనంతపురంలో స్థిరపడి, 2007లో కన్నుమూసేదాకా చవక ఇళ్లు కట్టాడు. ఇంటికి కావలసిన సరుకు ఐదు మైళ్ల లోపలే దొరకాలన్న గాంధీగారి మాట తన బుర్రలో నాటుకుపోయిందని చెప్పుకున్నాడు. ఇటుకలను పక్కకు నిలబెట్టి, మధ్యలో ఖాళీ వదిలి పేర్చే ఎలుకబోను కట్టుబడితో గోడకు పట్టే ఇటుకల్లో ఇంచుమించు నాలుగోవంతు మిగిల్చాడు. ఆతంగుడి నుంచి గోదావరి డెల్టాకు ఐదు వందల మైళ్ల పైమాటే, అంటే గాంధీగారి లెక్కకు వంద రెట్లు. “అందినదాంతో” అన్నచోట ఆ చేతులు ఎంత పొడుగో టీకాకారుడి ఊహకు అందడం లేదు.

చిన్న: ఇంటికి వెళ్లొచ్చినవాళ్లను అడగండి.

ప్రకృతి ఒడిలో: ఆ ఒడి లోతు మూడు వందల అడుగులు. బోరు అంతవరకు దించారు. సముద్రం దగ్గరి ఊళ్లలో మరీ కిందికి పోతే ఉప్పు తగులుతుంది. తగిలితే నీళ్లు వడకట్టే యంత్రం వస్తుంది, అది తాగే నీళ్లు ఒక గొట్టంలోనూ పారబోసే నీళ్లు ఇంకో గొట్టంలోనూ పంపిస్తుంది. ఊరంతా తాగే నీటి వనరుకు 250 మీటర్ల లోపల కొత్త బావి తవ్వరాదని 2002 నాటి వాల్టా చట్టం చెబుతోంది. ఆ దూరాన్ని ఎవరు టేపు పట్టి కొలిచారన్నది ఈ టీక పరిధిలోది కాదు.

మన పెద్దలు బతికినట్టే: పత్రికకు ప్రాణం ఇక్కడుంది. ఇక్కడ కాస్త ఆగాలి.

పెద్దలు ఎలా బతికారో తెలియడానికి ఒక ధాన్యం బస్తా మూతి విప్పితే చాలు. గోదావరి జిల్లాల్లో బస్తా అంటే 75 కిలోలు. ఇప్పటి లెక్కలో 100 కిలోల ధాన్యానికి మిల్లరు ప్రభుత్వానికి 67 కిలోల పచ్చిబియ్యం అప్పజెప్పాలి, ఉప్పుడు బియ్యమైతే 68. మిగతా 33 కిలోలను మిల్లు భాషలో ఉపోత్పత్తులంటారు. పాత ఇంటి ఇల్లాలు సగం సంసారాన్ని ఆ 33 మీదే నడిపింది. ధాన్యంలో ఐదోవంతు దాకా ఉండే ఊక పొయ్యిలోకి, ఇటుక బట్టీలోకి వెళ్లింది. కాలిన ఊకను ఉప్పుతో నూరితే పళ్లపొడి, బూడిదైతే గిన్నెలు తోమడానికి. తవుడు, చిట్టు గేదెకు. నూకలు ఉప్మాకు, జ్వరం వచ్చిన పిల్లల జావకు. చలిమిడికి బియ్యం దంచితే జల్లెట్లో నిలిచిన రవ్వ సైతం మళ్లీ రోట్లోకే వెళ్లేది. గడ్డి వామిలోకి, వామిలోంచి పశువు ముందుకు, కొంత పాక మీదికి.

ఇదంతా ఇంకా బియ్యం పొయ్యి మీదికి ఎక్కకముందు సంగతి. మొదటి కడుగు కుడితికి, రెండో కడుగు తోటకూర పులుసుకు. ఎసరు తెర్లి అన్నం ఉడికాక, గిన్నె మీద సిబ్బి మూసి వార్చిన గంజికి మూడు వాటాలు. ఉప్పు వేసి చంటిపిల్లలకు ఒకటి. నేత చీరలకు, పంచెలకు పెట్టడానికి ఒకటి. మూడో వాటా తరవాణి కుండలోకి. ఈ తరవాణి దగ్గర టీకాకారుడి కలం ఆగదు, ఏమీ అనుకోవద్దు.

కొత్త కుండను రెండు రోజులు నీళ్లలో నానబెట్టి, పచ్చిమట్టి వాసన పోయాక వంటింటి మూల కుదురు మీద కూర్చోబెట్టేవారు. అందులో కడుగు, చల్లారిన గంజి, గుప్పెడు అన్నం, ఉప్పు, చేత్తో చించిన దబ్బాకులు. గంజి వేడివేడిగా పోస్తే కుండ పాడు. ఉప్పు తగ్గితే వాసన. మూడో పొద్దుకు కుండ దగ్గరకు వెళ్తే ముక్కుకు పులుపు తెలిసేది. అక్కణ్ణుంచి రోజూ కాస్త గంజి పోస్తూ, రాత్రి మిగిలిన అన్నం అందులో వేసి పొద్దున్నే పిండి తీయడమే. వేసవిలో పిల్లలకు అదే చద్ది. పక్కన పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ, ఏడాది ఊరిన ఆవకాయ టెంక. పైన తేరిన నీళ్లు పొలం నుంచి వచ్చినవాళ్లకు. అందులో లాక్టిక్ ఆమ్లం తయారుచేసే సూక్ష్మజీవులు ఉంటాయని ఇప్పుడు సీసాల మీద అచ్చువేస్తున్నారు. అప్పటి పరీక్ష ఒకటే: నాలుక మీద పుల్లగా తగలాలి, ముక్కుకు కుళ్లుగా తగలకూడదు. కుండను ఎప్పుడు ఒంపాలి, ఎంత అడుగు ఉంచాలి, వానాకాలం ఎన్నాళ్లు ఆపేయాలి అన్నది ఏ వంటల పుస్తకంలోనూ రాసి పెట్టలేదు. అత్తగారు నిలబడి చెబితే కోడలు నేర్చుకుంది.

తరవాణికీ పనికిరానిది పెరట్లో కుడితి గోలెంలో పడేది. కూరగాయల తొక్కలు, పులిసిన పప్పు, కడుగు, తవుడు అన్నీ కలిసి అక్కడే నానేవి. గేదె మూతి ముంచి చప్పుడు చేస్తూ తాగేది, పేడ వేసేది. పేడ పిడకయ్యేది, పిడక పొయ్యిలోకి, బూడిద గిన్నెల మీదికి, మిగతాదంతా పెంటకుప్పకు. వేసవిలో బండి కట్టి ఆ ఎరువును తోలితే మళ్లీ వరిచేనుకే చేరేది.

ఇంతకీ ఏ పదం దగ్గరున్నాం? పెద్దలు బతికినట్టే.

ఈ ఏర్పాటంతా చీకటితో లేచే ఒక మనిషి మీద నడిచింది. దీన్ని పొదుపు అంటారని ఆవిడకు ఎవరూ చెప్పలేదు, దానికి పత్రికా వేయించలేదు. పండగనాడు పని రెట్టింపు. గంజి వార్చేటప్పుడు ఆవిరి తగిలి మణికట్టు కమిలేది. కుక్కరు వచ్చింది, గంజి పోయింది, గంజితోపాటే తరవాణి పోయింది. పోతే పోయాయి, ఆ చేతికి కాస్త తెరిపి దొరికింది. బెంగపెట్టుకునే హక్కు ఉన్నది ఆ పొగలో కూర్చున్నవాళ్లకు. గ్యాసు పొయ్యి ఇంటికొచ్చిన రోజున వాళ్లు బెంగపెట్టుకున్నట్టు ఏ ఇంట్లోనూ చెప్పుకోరు.

పత్రికలో క్రియ “చేరుకున్నాం”. కర్త బహువచనం. ఆ బహువచనంలో పిడకలు కొట్టేది ఎవరు?

పాలు పొంగిస్తున్నాం: పొదుపు సంసారానికి పాలను పొయ్యిపాలు చేయడంతో నాంది పలకవచ్చునా అని పూర్వపక్షం. పొంగేది ఒక్కసారే, అదీ గరిటెడే, కనుక దోషం లేదని సిద్ధాంతం. ఇంతవరకు శాస్త్రం ఒప్పుకుంటుంది. చిక్కు ఆవు దగ్గర వస్తుంది. కొత్త ఇంట్లో ముందు ఆవు కాలు పెట్టాలి. ఊళ్లో ఉన్నవి ఎక్కువగా గేదెలు. దొరికిన ఒక్క ఆవుకూ నున్నటి ఆతంగుడి పలకల మీద కాలు జారుతుంది. అందుకని పుంగనూరు పొట్టి ఆవును తెప్పించారు. చిత్తూరు సీమ జాతి, మనిషి నడుము ఎత్తుకు మించదు. కనుమరుగైపోతున్న రోజుల్లో పలమనేరు పశు పరిశోధన స్థానంలో దాన్ని కాపాడుకొచ్చారు. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి తన నివాసంలో వాటికి మేత తినిపించిన ఫొటోలు దేశమంతా చూసింది. ఇప్పుడు ధర లక్షల్లో పలుకుతోంది. ఆవుకు అభ్యంతరం లేదు గానీ యజమానికి కుడితి గోలెం వాసన పడదు. కనుక దాణా సంచుల్లో వస్తుంది.

కానుకలు వద్దు: సులభం.

పొదుపుగా: వరసలో ముందు రావలసిన పదాన్ని వెనక్కి నెట్టడానికి కారణముంది. దీని అర్థం పత్రికలో దొరకదు, వాకిట్లో దొరుకుతుంది.

ఇంటి లోపల పలకలున్నాయి కాబట్టి అలికేది వసారా, వాకిలి. అందుకు పక్క వీధి నుంచి ఒకావిడ వస్తుంది. పేడ తనే తెచ్చుకుంటుంది, ఎందుకంటే సంచి దాణా తినే చిన్న ఆవు పేడ చాలదు. గొంతుకు కూర్చుని, అరచేతిని అర్ధచంద్రంలా తిప్పుతూ, అలికిన చోట కాలు పడకుండా వెనక్కి వెనక్కి జరుగుతుంది. తడి పూర్తిగా ఆరకముందే ముగ్గు పెట్టాలి. ఇదంతా ఫొటోల్లో ఎంతో బాగా వస్తుంది. ఆవిడ 400 అడుగుతుంది. “పల్లెటూళ్లో కూడా ఇంతా అమ్మా?” అని 300కు దించుతారు. 2025-26లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. అంటే సర్కారు కన్నా ఏడు రూపాయలు పొదుపు. ఈ పదానికి ఇంతకు మించిన టీక ఎక్కడా లేదు.

టేకు స్తంభం దగ్గర, సున్నం మేస్త్రీ దగ్గర, పొట్టి ఆవు దగ్గర తెరుచుకున్న సంచీ ఈవిడ దగ్గరే ఎందుకు బిగుసుకుంటుందో మల్లినాథుడు కూడా చెప్పలేడు.

కార్లు నిలుపుటకు ఊరి కళ్లంలో ఏర్పాటు కలదు: ఇది ప్రక్షిప్తమని కొట్టేయాలనిపిస్తుంది. శైలి వేరు, అంతదాకా “బతకాలని” అన్న నోరు హఠాత్తుగా “కలదు” అంటోంది. కాని ప్రతులన్నింటిలోనూ ఉంది, ఒప్పుకోక తప్పదు.

వైశాఖమంటే ఏప్రిల్, మే. డెల్టాలో దాళ్వా, అంటే రెండో పంట, కోతల కాలం. యంత్రం కోసి పోసిన ధాన్యం పచ్చిగా ఉంటుంది. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం మించకూడదు. అందుకని కళ్లంలో బరకాలు పరిచి, ధాన్యం పలచగా పోసి, ఎండ ఉన్నంతసేపూ కాళ్లతో తిరగదోస్తూ ఉంటారు. మధ్యాహ్నం మబ్బేస్తే పరుగున వచ్చి రాశి చేసి కప్పుతారు. 2025-26 సీజనుకు సాధారణ రకం ధాన్యానికి క్వింటాలు మద్దతు ధర 2,369 రూపాయలు. బస్తాకు దాదాపు 1,777 పడుతుంది. తేమ ఎక్కువగా ఉందంటే అందులో తరుగు తీస్తారు. కౌలు రైతుకైతే ఆ తరుగు పోయేది తన గింజల్లోంచే. భూమి యజమానికి ఇవ్వవలసిన బస్తాలు తగ్గవు.

ముహూర్తం 9 గంటల 40 నిమిషాలకు. భోజనాలు మూడింటిదాకా. ఎండ కాసే వేళంతా కళ్లంలో కార్లే ఉంటాయి. సర్పంచిగారిని ముందే అడిగారట, ఆయన సరేనన్నారట. ధాన్యం పోసుకున్నవాళ్లను ఎవరూ అడగలేదు. వాళ్లు బరకాలు చుట్టి, తెల్లారకముందే ధాన్యమంతా తట్టలకెత్తి తారురోడ్డు అంచుకు మార్చుకున్నారు. అతిథుల కార్లు వచ్చేదీ ఆ రోడ్డు మీదే. ఒక్కో కారు ఆగి హారను కొట్టి, అద్దం దించి, రోడ్డు మీద ధాన్యం పోస్తే బండ్లు ఎలా పోతాయని అడుగుతుంది. ఈ వాక్యానికి తాత్పర్యం రాయగలిగినవాడు ఆ కౌలు రైతే గానీ, మూడింటిదాకా ఆయనకు తీరిక లేదు. చక్రాలు ధాన్యం మీదికి ఎక్కకుండా చెయ్యి చూపించి పక్కకు తిప్పించే పనిలో ఉన్నాడు.